రాగిపేటకు మంజూరైన చలి

రాజధానిలో ఒక పెద్దాయన కారు ఒకరోజు మొరాయించింది. మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి చూసి, "ఈ వాతావరణానికి వాడాల్సిన ఆయిల్ ఇది కాదు సార్" అన్నాడు. ఆ మాట పెద్దాయనకు తెగ నచ్చేసింది. మామూలు మనిషికి నచ్చితే ఆయిల్ మార్పించుకుని ఊరుకుంటాడు. పెద్దాయనకు నచ్చిన మాటలు చట్టాలవుతుంటాయి. నెల తిరక్కుండా 'వాహన స్నిగ్ధతా క్రమబద్ధీకరణ నియమావళి' ఊడిపడింది. స్నిగ్ధత అంటే చిక్కదనమే. చిక్కదనం అని రాస్తే వంటింటి వ్యవహారంలా ఉంటుందని అలా రాశారు.

నియమంలో మాత్రం వంక పెట్టడానికేమీ లేదు. చలి ప్రాంతంలో పల్చటి నూనె, వేడి ప్రాంతంలో చిక్కటి నూనె. చలికి గడ్డకట్టకుండా పొద్దున్నే ఇంజనంతా పరుగెత్తాలంటే పల్చనిది కావాలి. మండుటెండలో నీళ్ళయిపోకుండా నిలబడాలంటే చిక్కనిది కావాలి. లోకంలో మెకానిక్కులందరికీ తెలిసిన ఈ సంగతిని అమలు చెయ్యడానికి ప్రభుత్వం ఒక కొత్త శాఖ పెట్టింది. ఏ జిల్లా వాతావరణం ఏదో ఆ జిల్లాయే ప్రకటించాలంది. జిల్లాకు ఒకటే వాతావరణం. రెండుంటే కంప్యూటర్ ఒప్పుకోదు.

రాగిపేట కొంప అక్కడే మునిగింది. జిల్లాలు విడగొట్టినప్పుడు మైదానంలో ఉన్న రాగిపేటను తీసుకెళ్ళి, కొండమీదున్న వెదురుమెట్ట జిల్లాలో కలిపారు. వెదురుమెట్టలో ఎదురుగా వస్తున్న మనిషి మంచులో కనిపించడు. రాగిపేటలో ఏప్రిల్ వచ్చిందంటే రోడ్డు మీది తారు చెప్పులు ఊడబెరుక్కుంటుంది. వెదురుమెట్ట కలెక్టరు దొరగారు శాలువా కప్పుకుని, కిటికీలోంచి బయటికి చూసి, 'శీతల మండలం' అన్నచోట టిక్కు పెట్టి, 'రాగిపేట డివిజన్ వారి అభిప్రాయం కోరడమైనది' అని కాగితం కిందికి పంపారు.

ఆ కాగితం వచ్చి డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంట్ బెహరా జగన్నాథం బల్లమీద పడింది.

జగన్నాథం మంచివాడు. అంటే, తనకు నష్టం లేనంతవరకు నిజమే రాసే రకం. మెడ వెనక తడి తువ్వాలు వేసుకుని, నెత్తిమీద ఫ్యాను వేడిగాలిని కిందికి తోస్తుంటే, 'ఇచ్చట ఎండల తీవ్రత దృష్ట్యా విభేదించడమైనది' అని రాయబోయాడు. 'ఇచ్చట' దాకా వచ్చేసరికి అటెండరు గేదెల అప్పన్న మజ్జిగ గ్లాసు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, సీతల మండలం ఆఫీసులకి మంచు టైమింగులంట గదా. పదకొండుకి తెరిస్తే సాలంట."

జగన్నాథం కలం ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"మా బావమరిది ఎదురుమెట్టలోనే గదా సార్ పనిసేస్తన్నాడు. మంచు కరిగినాకే వస్తారంట ఆళ్ళు. మళ్ళీ మంచు పడీసినాదని నాలుగింటికే ఎల్లిపోతారంట."

జగన్నాథం మజ్జిగ తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్నే హడావిడి లేకుండా రెండో కాఫీ తాగుతున్న తనను తాను చూసుకున్నాడు. 'ఇచ్చట' అన్న మాటను అలాగే ఉంచి, దాని పక్కన ఇలా రాశాడు: 'ఇచ్చట భౌగోళికంగా ఉష్ణము ఉన్నప్పటికీ, పరిపాలనాపరంగా చల్లగానే ఉన్నది. ఏకీభవించడమైనది.'

ఆ సాయంత్రం ఆఫీసు స్టాఫంతా కలిసి ఆయనకు శాలువా కప్పారు. సన్మానాల్లో శాలువాలు ఆయన చాలానే చూశాడు గానీ, కప్పాక తియ్యకూడదని చెప్పింది మాత్రం ఇదే మొదలు.

ఎందుకంటే చలి మంజూరయ్యాక ఇక మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. ఆఫీసుల్లో ఫ్యాన్లు విప్పి గోడౌన్లో పడేసి, రూమ్ హీటర్లు బిగించారు. బస్టాండు ముందున్న చలివేంద్రం చట్టవిరుద్ధమైపోయింది. దాన్ని పెట్టిన కిరాణా వర్తకుల సంఘం వారే పాపం కుండలు తీసేసి, అదే పందిట్లో కుంపట్లు పెట్టి, దారిన పోయేవాళ్ళను రండి కాచుకోండి అని బతిమాలారు. బడిపిల్లలకు ఉచిత స్వెట్టర్లు వచ్చాయి. ఉచితం కాబట్టి వేసుకోవడం తప్పనిసరి. వేసవి సెలవులు రద్దయ్యాయి, ఎందుకంటే వేసవి లేదు. ఆస్పత్రిలో వడదెబ్బ అనే మాట రాయడానికి వీల్లేక, డాక్టరు చాలా ఆలోచించి 'ఉష్ణాన్ని పోలిన శైత్యం' అని రాసి, అదే సెలైను ఎక్కించాడు.

పాపం, ఎవరూ ఎదురుతిరగలేదు. ఉద్యోగులకు మంచు టైమింగులు దక్కాయి. బట్టల కొట్లవాళ్ళు మే నెలలో మఫ్లర్లు అమ్ముకున్నారు. రాగిపేట చల్లగా ఉంటుందని పేపర్లో చదివి ఎక్కడెక్కడి నుంచో టూరిస్టులు వచ్చి, లాడ్జీ గదుల్లోంచి బయటికి రాకుండా, చల్లగానే ఉందని ఇంటికి ఫోన్లు చేశారు. చెమటతో తడిసిన చొక్కాను ఎవరైనా చూస్తే, "మంచండీ" అనేవాళ్ళు. జగన్నాథం పదకొండింటికి ఆఫీసుకు వచ్చి, హీటరు పక్కన కూర్చుని, తనంత అదృష్టవంతుడు లేడనుకున్నాడు.

అయితే జగన్నాథానికి ఒక కారుంది.

క్రీమ్ రంగు పాత కారు. కొత్తది కొనుక్కోమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆయన దాన్ని కడిగే తీరు చూసి, భార్య లోలాక్షి, "నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూసేరా?" అనేది. కారుతో పాటు వచ్చిన పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. వేడి ప్రాంతాలకు ఇరవై డబ్ల్యూ యాభై. మొదటి అంకె చలిలో నూనె ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజన్ కాగాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. పాత ఇంజన్లలో అరిగి అరిగి సందులు పెరుగుతాయి. ఆ సందుల్ని చిక్కటి నూనే నింపాలి. ఇంత తెలిసినవాడు ఆ కాగితం మీద సంతకం ఎలా పెట్టాడంటే, చట్టాలు ఊళ్ళోవాళ్ళకే గానీ వాటితో ఏకీభవించినవాళ్ళకు కాదనుకున్నాడు.

ఒక ఆదివారం స్నిగ్ధతాధికారి కిల్లి వరదరాజులు జీపు దిగి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

వరదరాజులు నిన్నటిదాకా బెల్లం అభివృద్ధి సంస్థలో ఇన్‌స్పెక్టరు. ఆ సంస్థ మూతపడి సిబ్బంది మిగిలిపోతే, చిక్కదనం విషయంలో అనుభవజ్ఞులని చెప్పి అందరినీ కొత్త శాఖలోకి తీసుకున్నారు. ఆయనకు కొలిచే యంత్రాలతో పనిలేదు. ఇంజన్లోంచి ఆయిల్ పుల్ల బయటికి లాగి, చివరనున్న నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్దుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు మెల్లగా విడదీస్తాడు. తీగ సాగితే నేరం. సాగకపోతే స్టిక్కరు.

జగన్నాథం కారు నూనె జానెడు తీగ సాగింది.

"తీగపాకం" అన్నాడు వరదరాజులు బాధగా. "సూపరింటెండెంటు గారూ, ఇది అరిసెలకు పనికొచ్చును గానీ శీతల మండలమునకు పనికిరాదు. సదరు నూనెను తక్షణమే తొలగించి, సున్నా డబ్ల్యూ ఇరవై రకమును నింపవలసినదిగా ఆదేశించడమైనది. డబ్ల్యూ అనగా వింటరు. మనకు ఉన్నది వింటరు."

"వరదరాజులు గారూ, ఒక్కసారి బయట నిలబడి చూడండి. మీ నెత్తి మాడిపోటం లేదా?"

"వ్యక్తిగతంగా మాడుచున్నది. శాఖాపరంగా లేదు."

"ముసలి బండండీ. ఈ ఎండలో నీళ్ళలాంటి నూనె పోస్తే ఇంజన్ పట్టేస్తుంది. మినహాయింపు ఇప్పించండి."

"వాహనము యొక్క వృద్ధాప్యము శీతోష్ణస్థితిని మార్చజాలదు. ఇచ్చట వేడిగా నున్నదని ఎవరైనా బాధ్యతగల అధికారి ధ్రువీకరించినచో పరిశీలించగలము." వరదరాజులు గొంతు తగ్గించాడు. "కానీ ఆ అధికారి మీరే గదండీ. మీరు చల్లగా ఉందని రాసేరు గదా."

జగన్నాథం లెక్క వేసుకున్నాడు. మార్చి రాస్తే కారు బతుకుతుంది. కానీ ఆఫీసు పదింటికి తెరుచుకుంటుంది. కప్పిన శాలువాతోనే తనను స్టాఫంతా ఉతికి ఆరేస్తారు.

గడువు ముగిసేలోగా నూనె మార్చుకోకపోతే కారు స్వాధీనం చేసుకుంటామని నోటీసు అంటించి వరదరాజులు వెళ్ళిపోయాడు. ఆ రాత్రి జగన్నాథానికి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి దారి తట్టింది.

రాగిపేట మెయిన్ రోడ్డు మధ్యలోనే జిల్లా సరిహద్దు పోతుంది. డివైడరుకు ఇటు వెదురుమెట్ట జిల్లా, శీతల మండలం. అటు పక్క జిల్లా, దాని ముఖ్యపట్టణం మైదానంలోనే ఉంది కాబట్టి అది ఉష్ణ మండలం. అటువైపు చలివేంద్రంలో జనం మజ్జిగ తాగుతుంటే, ఇటువైపు జనం కుంపట్ల దగ్గర కూర్చుని వాళ్ళను చూస్తుంటారు. నియమం ప్రకారం అటువైపు పోయే బండ్లు చిక్కటి నూనెతో పోవాలి, ఇటువైపు వచ్చే బండ్లు పల్చటి నూనెతో రావాలి. అందుకని రోడ్డుకు రెండు చివర్లా నూనె మార్పు గోతులు తవ్వారు. యూటర్న్ కొట్టాలంటే మనిషి ముందు దిగి, నూనె దింపించుకుని, కొత్తది పోయించుకుని, అప్పుడు కొట్టాలి. మర్చిపోయిన చేతిసంచీ కోసం వెనక్కి తిరిగిన ఒక పెళ్ళివారి బస్సు ముహూర్తం దాటాక గానీ కదల్లేదు.

జగన్నాథం రోడ్డుకు అటువైపు ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. కారు నివాసం అక్కడికి మారింది. పొద్దున్నే శాలువాతో రోడ్డు దాటడం, అటు దాటాక శాలువా మడిచి చంకలో పెట్టుకోవడం, కారు తుడిచి, అటువైపే నాలుగు వీధులు తిప్పి, మళ్ళీ షెడ్డులో పెట్టి, శాలువా కప్పుకుని ఇటు రావడం. చిక్కటి నూనెలో ఇంజన్ హాయిగా గురకపెట్టేది.

"కారు ఆ జిల్లాలో, మనం ఈ జిల్లాలో" అంది లోలాక్షి. "ఇంకెందుకండీ, మీరూ అక్కడే ఉండిపోండి. నాకు పండగలకి కనిపించండి."

"ఎండలు తగ్గేదాకానే లోలాక్షీ."

"ఎండలేవి? మీరే గదా లేవని రాసేరు!"

ఆయన శాలువా కప్పుకుని బయటపడ్డాడు. ఏమైతేనేం, కారు క్షేమంగా ఉంది. ఆయనకు కావలసింది అదొక్కటే.

అంతలో రాగిపేటకు 'ఉత్తమ శీతల పట్టణం' అవార్డు వచ్చింది. నిజంగా చలి ఉన్న ఊళ్ళన్నీ ఓడిపోయాయి, ఎందుకంటే అక్కడి జనం అప్పుడప్పుడు స్వెట్టరు విప్పేవారు. రాగిపేటలో భయపడి ఎవరూ విప్పలేదు. అవార్డు ఇవ్వడానికి శీతోష్ణ సమన్వయ కమిషనర్ స్వయంగా వస్తున్నారు. ఆయన కారు మైదానంలోంచి చిక్కటి నూనెతో వస్తుంది కాబట్టి సరిహద్దు దాటకూడదు, నూనె మార్పిద్దామంటే అంతటివారిని గోతి దగ్గర నిలబెట్టడం మర్యాద కాదు. డివిజన్ ఆఫీసు జీపులు చూస్తే, పల్చటి నూనె తాగి తాగి ఇంజన్లు పట్టేసి, టార్పాలిన్ల కింద పడుకుని ఉన్నాయి.

ఆర్డీవో మేడమ్ జగన్నాథాన్ని పిలిచారు. "మీ కారు ఒక్కటే తిరిగే స్థితిలో ఉందని తెలిసింది. కమిషనర్ గారిని మీరే తీసుకురండి. సభ దాకా. ఇటు తెచ్చేముందు నూనె మార్పించడం మరవద్దు."

"మేడమ్, ఆ నూనె పోస్తే..."

"పోస్తే?"

గది తలుపు దగ్గర స్టాఫంతా మఫ్లర్లు చుట్టుకుని నిలబడి ఆయన నోటివైపే చూస్తున్నారు. మంచు టైమింగులు ఆయన నాలుక మీద ఉన్నాయి. "ఏం లేదు మేడమ్" అన్నాడు జగన్నాథం.

గోతి దగ్గర నల్లటి చిక్కటి నూనె ధారగా దిగిపోతుంటే ఆయన చూడలేక మొహం తిప్పుకున్నాడు. వరదరాజులు కొత్త నూనెను వేళ్ళ మధ్య అద్ది, తీగ రాలేదని సంతోషించి, స్టిక్కరు అంటించాడు.

కమిషనర్ గారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఆయనకు గాలి తగలకుండా రెండు కార్లనూ తలుపుకు తలుపు ఆనించి నిలబెట్టారు. ఆ ఏసీలోంచి ఈ ఏసీలోకి జారారు. ఉన్ని కోటు, మెడకు మఫ్లరు. కోటు వల్లే ఆయనకు ఏసీ కూడా సుఖంగా ఉంది.

"అద్భుతమైన శీతల వాతావరణం" అన్నారు, ఏసీ మీటను చివరిదాకా తిప్పుతూ.

ఊరేగింపు నత్తనడక నడిచింది. రెండు పక్కలా స్వెట్టర్ల పిల్లలు చెమటలు కక్కుతూ పూలు చల్లుతున్నారు. ముందు బ్యాండుమేళం. కారు అంగుళం కదిలితే ఆగుతోంది. సభ ఇంకా కనుచూపు మేరలో లేదు. జగన్నాథం చూపంతా డ్యాష్‌బోర్డు మీది చిన్న దీపాల మీదే ఉంది. ఎర్ర దీపం ఒకసారి మిణుకుమంది. మళ్ళీ మిణుకుమంది. తర్వాత ఆరలేదు.

"సార్, ఆయిల్ లైటు వెలిగింది."

"వెలగనివ్వండి. శీతాకాలంలో కాస్త వెలుతురు ఉండాలి."

ఇంజన్లోంచి టకటకమని శబ్దం మొదలైంది. ఇనుము ఇనుముకు తగులుతున్న శబ్దం. ఇన్నేళ్ళలో ఆ కారు నోట అలాంటి మాట ఆయన వినలేదు. ఇంకో వంద గజాలు నడిపితే ఇక ఎప్పటికీ వినడానికి ఏమీ ఉండదు. జగన్నాథానికి ఆ క్షణంలో ఆర్డీవో గుర్తుకు రాలేదు, స్టాఫు గుర్తుకు రాలేదు, రెండో కాఫీ అసలే గుర్తుకు రాలేదు. తాళం తిప్పేశాడు.

టకటక ఆగింది.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్.

"ఇంజన్ ఆపేశాను సార్."

"ఎవరి ఉత్తర్వు మీద?"

"దాని ఉత్తర్వు మీదే సార్."

ఏసీ ఆగిపోయింది. అద్దాల్లోంచి రాగిపేట మెల్లగా లోపలికి వస్తోంది. కమిషనర్ మఫ్లరు వదులు చేసుకున్నారు. కోటు గుండీ ఒకటి విప్పారు. నుదుటి మీద ఏదో పుట్టి, ముక్కు మీదుగా జారింది.

"ఏమిటయ్యా, లోపలికి ఏదో వస్తోంది?"

"వాతావరణం సార్" అన్నాడు జగన్నాథం. ఇక ఆగలేకపోయాడు. "ఎండ సార్! మండే ఎండ! మా ఊళ్ళో ఎప్పుడూ చలి లేదు. పదకొండింటికి ఆఫీసుకు వెళ్ళొచ్చన్న ఆశతో ఉందని నేనే రాశాను. నాదే తప్పు!"

కమిషనర్ తలుపు తీసి రోడ్డు మీద కాలు పెట్టారు. తారు ఆయన బూటును ఆప్యాయంగా పట్టుకుంది. కోటు విప్పి విసిరేశారు. అది చూసి ముందు వరుసలో ఒక పిల్ల స్వెట్టరు విప్పింది. ఆ వెనక వీధంతా విప్పేసింది. బ్యాండువాళ్ళు డప్పులు కింద పెట్టి మరీ విప్పారు. జనం డివైడరు దూకి అటుపక్క చలివేంద్రం మీద పడ్డారు. ఆ గుంపులో ఎవరో జగన్నాథాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఆ సాయంత్రమే ఆయన పల్చటి నూనె దింపించి, ఇరవై డబ్ల్యూ యాభై పోయించి, లోలాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఇంజన్ నిమ్మళంగా గురకపెడుతుంటే ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి. లోలాక్షి చూసి, మొదటిసారిగా వెక్కిరించకుండా కొంగు అందించింది.

పదిరోజులకు కొత్త ఉత్తర్వు వచ్చింది. 'రాగిపేట యందు తీవ్రమైన ఉష్ణము కలదని బాధ్యతగల అధికారి ఒప్పుకొనినందునను, కమిషనర్ వారు స్వయముగా అనుభవించినందునను, వెదురుమెట్ట జిల్లా యావత్తూ అత్యుష్ణ మండలముగా ప్రకటించడమైనది.' జిల్లాకు ఒకటే వాతావరణం. రెండుంటే కంప్యూటర్ ఒప్పుకోదు. అత్యుష్ణ మండలానికి నియమావళిలో ఉన్నవాటిల్లోకెల్లా చిక్కటిదైన ఇరవై అయిదు డబ్ల్యూ అరవై నూనె రాసిపెట్టారు.

కొండమీద మంచులో చలివేంద్రాలు వెలిశాయి. వెదురుమెట్ట ఆఫీసుల్లో ఫ్యాన్లు బిగించి, తిరగాలని ఆదేశించారు. అక్కడివాళ్ళు విభేదించలేదా అంటే, అత్యుష్ణ మండలంలో ఒంటిపూట ఆఫీసులు కదా, ఏకీభవించారు. ఉష్ణం గురించి ధైర్యంగా మాట్లాడిన అధికారి సేవలు అక్కడే అవసరమని జగన్నాథాన్ని వెదురుమెట్టకు బదిలీ చేశారు. కారూ, లోలాక్షీ ఆయనతోనే కొండెక్కారు. దారిలో చెక్‌పోస్టు దగ్గర కారుకు కొత్త నూనె పోశారు. నేతి జాడీలోంచి నెయ్యి దిగినట్టు దిగింది.

మర్నాడు తెల్లవారుజామున ఒంటిపూట ఆఫీసుకు బయల్దేరి జగన్నాథం తాళం తిప్పాడు. కారు కుయ్యిమంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ మాత్రం కూడా అనలేదు. బానెట్ మీద మంచు పేరుకుని ఉంది. గుమ్మంలో నిలబడి లోలాక్షి దుప్పటి ముసుగులోంచి, "ఇప్పుడేటి రాసేరు మళ్ళీ?" అంది.

మంచులోంచి ఒక మనిషి బయటపడ్డాడు. పల్చటి లాల్చీ, చేతిలో విసనకర్ర, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ప్రమోషన్ మీద కొండకు వచ్చిన వరదరాజులు. ఏమీ అడక్కుండానే ఆయిల్ పుల్ల లాగి, వేళ్ళ మధ్య అద్ది, కళ్ళు మూసుకుని విడదీయబోయాడు. వేళ్ళు విడిపోవడానికే కాసేపు పట్టింది.

"ముదురుపాకం!" అన్నాడు వరదరాజులు పరవశించి. "నిబంధనలకు అక్షరాలా లోబడి యున్నది. అభినందనలు. మీ వాహనము సంపూర్ణ ఆరోగ్యముతో నున్నది."

"మరి కదలదేమండీ?" అన్నాడు జగన్నాథం ఏడుపు గొంతుతో.

వరదరాజులు స్టిక్కరు అంటించి, దాని మీది మంచును విసనకర్రతో నెమ్మదిగా తుడిచాడు.

"కదలడమన్నది మా శాఖ పరిధిలోకి రాదండీ."